ఆర్కేడ్ బటన్లకు రంగు ఎల్ఈడీలు: రెసిస్టర్ లెక్క నుంచి వైరింగ్ దాకా

ఎస్ఎన్‌కే వాళ్ల నియో జియో ఆర్కేడ్ యంత్రం 1990లో వచ్చింది. దాని బటన్లకు నాలుగు రంగులు: ఏ ఎరుపు, బీ పసుపు, సీ ఆకుపచ్చ, డీ నీలం. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకుని పాత ఆటల కోసం సొంతంగా ప్యానెల్ కట్టుకునేవాళ్లలో చాలామంది మనసు ఈ నాలుగు రంగుల మీదే ఉంటుంది. అవే బటన్లు లోపలి నుంచి వెలుగుతూ ఉంటే ఇంకా బాగుంటుంది. అందుకే ఈ వ్యాసానికి ఆ ప్యానెల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇద్దరు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి నాలుగు రంగుల బటన్లు, ఒక తెల్ల స్టార్ట్ బటన్. మొత్తం 10 ఎల్ఈడీలు.

షాపులో అడిగితే 220 ఓముల రెసిస్టర్ల (కరెంటును అదుపులో పెట్టే ముక్కల) ప్యాకెట్ చేతిలో పెట్టి "దేనికైనా ఇదే వేసుకోండి" అంటారు. 5 వోల్టుల మీద ఆ మాట తప్పు కాదు, ఏదీ కాలిపోదు. కానీ స్విచ్ వేసి చూస్తే ఆకుపచ్చ కళ్లలోకి పొడుస్తుంది, నీలం చుట్టూ వెలుగు చిమ్ముతుంది, పక్కనే ఎరుపు, పసుపు మసగ్గా ఉంటాయి. ఎల్ఈడీ కాలిపోకుండా కాపాడటం రెసిస్టర్ పనిలో సగమే. నాలుగు రంగులూ పక్కపక్కన సమానంగా కనబడేలా చేయడం మిగతా సగం. కష్టమంతా ఈ రెండో సగంలోనే ఉంది. నెట్‌లో దొరికే పట్టికలు దాని జోలికి పోవు.

1. ముందు బటన్ విప్పి చూడండి

లైటు ఉన్న ఆర్కేడ్ బటన్ అడుగున రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి మైక్రోస్విచ్. దానికి సాధారణంగా మూడు కాళ్లు: కామన్ (ఉమ్మడిది), నార్మల్లీ ఓపెన్ (నొక్కితే కలిసేది), నార్మల్లీ క్లోజ్‌డ్ (నొక్కితే విడిపోయేది). మనకు మొదటి రెండే కావాలి, మూడోదాన్ని వదిలేయండి. రెండోది లైటు. దానికి ప్లస్, మైనస్ అని విడిగా రెండు కాళ్లుంటాయి. లోపల స్విచ్‌కీ లైటుకూ ఏ సంబంధమూ ఉండదు. ఆ సంబంధం కలిపేది మన వైరింగే. అక్కడే చాలా బోర్డులు ప్రాణాలు పోగొట్టుకుంటాయి, దాని గురించి కింద చెబుతాను.

స్విచ్ ఉన్న భాగాన్ని కొద్దిగా తిప్పి లాగితే బటన్ నుంచి ఊడి వస్తుంది. లోపల ఎక్కువ బటన్లలో టీ10 వెడ్జ్ బల్బు కనిపిస్తుంది. కార్లలో, బైకుల్లో పార్కింగ్ లైటుకు వాడే సైజే అది. మామూలు ఎల్ఈడీని చిన్న ప్లాస్టిక్ దిమ్మలో గుచ్చి, దాని కాళ్లను దిమ్మకు రెండు పక్కలా మడిచి ఉంటారు. ఆ రెండు కాళ్లలో ఒకదానికి లోపలే రెసిస్టర్ అతికించి ఉండటం మామూలు. 12 వోల్టులకని అమ్మేదీ 5 వోల్టులకని అమ్మేదీ బయటికి ఒకేలా ఉంటాయి. తేడా ఆ దాగిన రెసిస్టర్‌లోనే. ఇది చూసుకోకుండా బయట ఇంకో రెసిస్టర్ వేస్తే రెండూ కలిసిపోయి, వెలుగు ఎందుకు చచ్చిపోయిందో అర్థం కాదు.

దిమ్మ విప్పకుండానే లోపలి రెసిస్టర్ విలువ కనుక్కోవచ్చు. మల్టీమీటర్‌ను మిల్లీయాంపుల స్థానంలో పెట్టి, బల్బుకు వరుసలో కలిపి, ముందు 5 వోల్టుల మీద కరెంటు చూడండి. అప్పుడు వెలిగి, పైన 12 వోల్టులని రాసి ఉంటేనే 12 మీద కూడా చూడండి. ఎక్కడా రాత లేకపోతే 12 వోల్టులు పెట్టవద్దు. ఒక నీలం బల్బు 5 వోల్టుల మీద 3.8, 12 వోల్టుల మీద 18.7 మిల్లీయాంపులు తీసుకుందనుకుందాం. వోల్టుల తేడా 7, కరెంటు తేడా 14.9 మిల్లీయాంపులు. 7ను 0.0149తో భాగిస్తే 470 వస్తుంది. అంటే లోపల 470 ఓములు ఉన్నాయి. 5 వోల్టుల మీద అసలు వెలగకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి బల్బు తిరగబడి ఉండటం, తిప్పి పెట్టి చూడండి. రెండోది ఆ దిమ్మలో రెండు మూడు ఎల్ఈడీలు వరుసగా ఉండటం.

ప్లస్ మైనస్ వెతకడం ఎప్పుడూ 5 వోల్టుల మీదే చేయండి. చాలా ఎల్ఈడీలు తిరగబడిన దిశలో 5 వోల్టుల వరకే తట్టుకుంటాయని డేటాషీట్లలో ఉంటుంది. 12 వోల్టుల మీద అటూ ఇటూ తిప్పి చూడటం వాటి ఆయుష్షుకు మంచిది కాదు.

లోపల 12 వోల్టుల రెసిస్టర్ ఉండి, మీరు 5 వోల్టులే ఇవ్వాలనుకుంటే ఎల్ఈడీని దిమ్మలోంచి పైకి లాగి, పాత రెసిస్టర్ తీసేసి, లెక్క కట్టిన కొత్తది అదే చోట పెట్టవచ్చు. అతుకు దగ్గర సోల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. నా వరకు, దిమ్మలో వైరు ముక్క మాత్రం పెట్టి రెసిస్టర్‌ను బయట బోర్డు మీదికి తెచ్చుకోవడమే ఇష్టం. తర్వాత వెలుగు సరిచేయాల్సి వస్తే బటన్లన్నీ విప్పే పని తప్పుతుంది. అలా చేసిన బల్బును మాత్రం రెసిస్టర్ లేకుండా నేరుగా సప్లైకి తగిలించారో, ఒక మెరుపు మెరిసి పోతుంది.

2. రంగుకో వోల్టేజి ఎందుకు

ఎల్ఈడీ నుంచి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం ఎంత తక్కువైతే ఒక్కో కాంతికణానికి అంత ఎక్కువ శక్తి కావాలి. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఆ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 625 నానోమీటర్ల ఎరుపుకు 1.98, 470 నానోమీటర్ల నీలానికి 2.64. ఎల్ఈడీ రెండు కాళ్ల మధ్య పడే వోల్టేజి దాదాపు ఈ వరసనే పోతుంది. ఎరుపు 1.8 నుంచి 2.2 వోల్టులు, పసుపు 2.0 నుంచి 2.2, నీలం 3.0 నుంచి 3.4. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ (నీలం వెలుగులో కొంత పసుపుగా మార్చే పొడి) పూత, కాబట్టి దానిదీ నీలం వోల్టేజే.

ఈ వరసకు లొంగనిది ఆకుపచ్చ. షాపులో ఆకుపచ్చ అని రెండు రకాలు ఇస్తారు. పాత రకం కొంచెం లేతగా, పసుపు కలిసిన పచ్చ. దాని వోల్టేజి 2.1 దగ్గర. కొత్త రకం 520, 525 నానోమీటర్ల చిక్కటి పచ్చ. దాన్ని నీలం చిప్‌కు వాడే పదార్థంతోనే చేస్తారు, అందుకే శక్తి లెక్క 2.4 దాటకపోయినా వోల్టేజి 3.0 పైన ఉంటుంది. పాత టీవీ ముందు భాగంలో మిణుకుమనేది మొదటి రకం, ట్రాఫిక్ సిగ్నల్లో కనిపించేది రెండో రకం. పట్టికలో "ఆకుపచ్చ 2.2" అని చూసి కొత్త రకానికి లెక్క కడితే ఫలితం తప్పుతుంది.

కాబట్టి పట్టికను నమ్మకండి, మీ దగ్గరున్న ఎల్ఈడీనే కొలవండి. 5 వోల్టుల సప్లై, వరుసలో 1 కిలో ఓము రెసిస్టర్, ఆ తర్వాత లోపలి రెసిస్టర్ తీసేసిన ఎల్ఈడీ. ఎల్ఈడీ రెండు కాళ్ల మీద మీటర్ పెట్టి చూసి రాసుకోండి. మీటర్‌లోని డయోడ్ గుర్తుతో కొలవవచ్చు కదా అంటే, చాలా మీటర్లు ఆ స్థానంలో 3 వోల్టుల కన్నా తక్కువే ఇస్తాయి. ఎరుపు, పసుపులకు అంకె వస్తుంది, నీలానికి, తెలుపుకు ఖాళీ చూపిస్తుంది. అది చూసి మంచి ఎల్ఈడీని పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు.

3. లెక్క

సూత్రం ఒకటే:

రెసిస్టర్ = (సప్లై వోల్టేజి − ఎల్ఈడీ వోల్టేజి) ÷ కరెంటు

కరెంటు దగ్గర ఒక మాట. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీలకు 20 మిల్లీయాంపులు అని అందరూ అనే అంకె పైహద్దుకు దగ్గరగా ఉండేది, మనం చేరుకోవాల్సినది కాదు. చేతి కింద, కళ్లకు ఎదురుగా ఉండే బటన్‌కు 10 మిల్లీయాంపులు ధారాళంగా సరిపోతాయి. కాబట్టి లెక్కను 10తో మొదలుపెట్టి, తర్వాత కంటితో సరిచేద్దాం. 5 వోల్టుల సప్లై మీద:

ఎరుపు (2.0 వోల్టులు): 3.0 ÷ 0.010 = 300. దొరికేది 330, కరెంటు 9.1 మిల్లీయాంపులు.
పసుపు (2.1): 2.9 ÷ 0.010 = 290. మళ్లీ 330, కరెంటు 8.8.
కొత్త ఆకుపచ్చ (3.1): 1.9 ÷ 0.010 = 190. 220 వేస్తే 8.6.
నీలం, తెలుపు (3.2): 1.8 ÷ 0.010 = 180. సరిగ్గా 180 దొరుకుతుంది.

బజారులో అన్ని విలువలూ ఉండవు. 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82, వీటి పదింతలూ వందింతలూ మాత్రమే మామూలుగా దొరుకుతాయి. లెక్కలో వచ్చిన దానికన్నా పై విలువే తీసుకోండి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట రెసిస్టర్లు విడిగా కాకుండా ప్యాకెట్లుగా తీసుకోవడమే నయం. 100, 150, 180, 220, 330, 470, 680, 1 కిలో, 1.5 కిలో, 2.2 కిలో ఉంటే ఈ పనికి ఇంకేం అక్కర్లేదు.

రంగు పట్టీలు: 220కి ఎరుపు ఎరుపు గోధుమ, 330కి నారింజ నారింజ గోధుమ, 470కి పసుపు ఊదా గోధుమ, 680కి నీలం బూడిద గోధుమ, 1 కిలోకు గోధుమ నలుపు ఎరుపు. చివరి బంగారు పట్టీ 5 శాతం తేడాను సూచిస్తుంది. ఐదు పట్టీల నీలం ఒంటి రెసిస్టర్ల మీద గోధుమకూ ఎరుపుకూ తేడా పగటి వెలుగులో కూడా తెలియదు. మీటర్ పెట్టి చూడటమే తేలిక.

12 వోల్టుల సప్లై ఉంటే కథ కొంచెం మారుతుంది. ఎరుపుకు 10 ÷ 0.010 = 1 కిలో. నీలానికి 8.8 ÷ 0.010 = 880, అంటే అదే 1 కిలో వేస్తే 8.8 మిల్లీయాంపులు. సప్లై పెద్దదైన కొద్దీ రంగుల మధ్య ఒక్క వోల్టు తేడా లెక్కలో పలచబడిపోతుంది. 5 వోల్టుల మీద నీలానికి మిగిలేది 1.8 వోల్టులే. యూఎస్‌బీ 4.75కి దిగితే అది 1.55 అవుతుంది, కరెంటు 14 శాతం పడిపోతుంది. అదే సమయంలో ఎరుపుకు తగ్గేది 8 శాతమే. నాసిరకం కేబుల్ పెట్టినప్పుడు నీలం బటన్లు ముందు మసకబారేది అందుకే.

12 వోల్టుల్లో వేడి కూడా చూసుకోవాలి. ఎరుపుకు 10 మిల్లీయాంపులైతే రెసిస్టర్ మీద 0.1 వాట్, పావు వాట్ రెసిస్టర్‌కు ఇబ్బంది లేదు. 20కి పెంచితే 0.2 వాట్, పావు వాట్‌కు హద్దు దగ్గరకొచ్చేసింది. అక్కడ అర వాట్ వేయండి. 5 వోల్టుల్లో ఈ గొడవ లేదు.

4. బటన్ టోపీ రంగు

కరెంటు లెక్క అయిపోయినా వెలుగు లెక్క కాలేదు, ఎందుకంటే మనకు కనిపించేది ఎల్ఈడీ కాదు, రంగు ప్లాస్టిక్‌లోంచి దాటి వచ్చిన వెలుగు. తెల్ల ఎల్ఈడీలు పది కొనేసి పైన రంగు టోపీలు పెట్టేస్తే రెసిస్టర్లన్నీ ఒకటే అవుతాయి కదా అని ఆలోచన వస్తుంది. నీలం, ఆకుపచ్చ, పసుపు టోపీల కింద అది బాగానే నడుస్తుంది. ఎరుపు దగ్గర తేలిపోతుంది. ఫాస్ఫర్ పూత తెల్ల ఎల్ఈడీలో చిక్కటి ఎరుపు తక్కువ. ఎరుపు టోపీ మిగతా అంతా ఆపేసి ఆ కొంచెమే బయటికి పంపుతుంది, బటన్ పాలిపోయినట్టు ఉంటుంది. ఎరుపు టోపీ కింద ఎరుపు ఎల్ఈడీనే పెట్టండి. ఎరుపు టోపీ కింద నీలం ఎల్ఈడీ పెడితే దాదాపు చీకటే.

పసుపుది తిరకాసు ఇంకో రకం. 590 నానోమీటర్ల పసుపు ఎల్ఈడీ విడిగా చూస్తే పసుపే, పక్కన ఎరుపు బటన్ పెడితే నారింజ వైపు మొగ్గుతుంది. నిమ్మపండు పసుపు కావాలంటే పసుపు టోపీ కింద తెల్ల ఎల్ఈడీ వేయడమే నాకు నచ్చిన దారి. అప్పుడు లెక్కలో 2.1 కాదు, 3.2 వేయాలని మరచిపోవద్దు.

ఆపినప్పుడు అన్నీ తెల్లగా కనిపించి, వెలిగినప్పుడే రంగు రావాలంటే పాలరంగు టోపీ, రంగు ఎల్ఈడీ. పూర్తి పారదర్శకమైన టోపీలో మాత్రం మధ్యన ఎల్ఈడీ చుక్క ఒక్కటే మెరుస్తుంది. లోపల ట్రేసింగ్ పేపర్‌ను గుండ్రంగా కత్తిరించి పెడితే వెలుగు పరుచుకుంటుంది.

5. వెలుగు సమం చేయడం

మన కన్ను 555 నానోమీటర్ల పచ్చదనానికి బాగా స్పందిస్తుంది. ఎరుపు వైపు, నీలం వైపు పోయే కొద్దీ స్పందన తగ్గుతుంది. దానికి తోడు కొత్త ఆకుపచ్చ చిప్‌లు తక్కువ కరెంటుకే ధగధగమంటాయి. అందుకే నాలుగు రంగులకూ సమానంగా కరెంటు ఇవ్వడమంటే సమానంగా వెలుగు ఇచ్చినట్టు కాదు. ఇక్కడ సూత్రం చేయి వదిలేస్తుంది, కన్నే కొలత.

పద్ధతి ఇది. ఎరుపు బటన్‌ను ముందు ఖాయం చేయండి, ఎందుకంటే సాధారణంగా అదే మసకగా ఉంటుంది. 5 వోల్టుల మీద 220 వేస్తే 13.6 మిల్లీయాంపులు వస్తాయి, అది బాగుంటుంది. దాని పక్కన ఆకుపచ్చ బటన్ పెట్టి, దానికి వరుసలో 100 ఓముల రెసిస్టర్, ఒక 5 కిలో ఓముల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) కలపండి. 100 ఓములది ఎందుకంటే ప్రీసెట్‌ను పొరపాటున సున్నాకు తిప్పినా ఎల్ఈడీ ఒక్కసారిగా పోకూడదని. ఆట ఆడే గదిలో, ఆడేటప్పుడు ఉండే వెలుతురులోనే, ఆడే ఎత్తు నుంచి చూస్తూ రెండూ సమానం అనిపించేవరకు ప్రీసెట్‌ను తిప్పండి. కళ్లు సగం మూసి చూస్తే తేడా త్వరగా దొరుకుతుంది. తర్వాత సప్లై తీసేసి, ప్రీసెట్, 100 ఓములు రెండూ కలిపి మీటర్‌తో కొలవండి. దానికి దగ్గరగా దొరికే విలువే మీ ఆకుపచ్చ రెసిస్టర్.

అది 680 కావచ్చు, 1.5 కిలో కావచ్చు, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. 680 అంటే 2.8 మిల్లీయాంపులు, అంత తక్కువా అని అనుమానపడకండి. ఈ రకం ఎల్ఈడీలు ఒకట్రెండు మిల్లీయాంపులకే నిక్షేపంగా వెలుగుతాయి. నీలానికి 330 నుంచి 680 మధ్య చూడండి. తెల్ల స్టార్ట్ బటన్లను కావాలనే మిగతావాటికన్నా కొంచెం తగ్గించండి. ఆట మధ్యలో వాటితో పని లేదు, కళ్లను లాగకుండా ఉంటే చాలు.

ఒకే రంగు రెండు బటన్లకు ఒకే ప్యాకెట్‌లోని ఎల్ఈడీలు వాడండి. వేర్వేరు ప్యాకెట్ల నీలాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే రంగు కూడా తేడాగా కనబడుతుంది. దాన్ని రెసిస్టర్ సరిచేయలేదు.

6. వైరింగ్

తప్పకూడని నియమం ఒకటి: ఒక్కో ఎల్ఈడీకి ఒక్కో రెసిస్టర్. అన్ని ఎల్ఈడీల ప్లస్‌లూ కలిపి ముందు ఒకే రెసిస్టర్ పెడితే సరిపోదా అని అడుగుతారు. ఎరుపు, నీలం అలా పక్కపక్కన కలిపితే ఎరుపు 2 వోల్టుల దగ్గర వెలగడం మొదలుపెట్టి వోల్టేజిని అక్కడే పట్టేస్తుంది. నీలానికి కావాల్సిన 3 వోల్టులు ఎప్పటికీ రావు, అది చీకట్లోనే ఉంటుంది. ఒకే రంగువైనా వోల్టేజిలో చిన్న తేడాలుంటాయి, ఒకటి ఎక్కువ తాగి ఇంకోటి ఎండుతుంది.

రెసిస్టర్ ప్లస్ వైపు పెట్టినా మైనస్ వైపు పెట్టినా కరెంటు అదే. పదింటినీ ఒకే జీరో పీసీబీ (వరుసగా రంధ్రాలుండే ఖాళీ బోర్డు) మీద వరుసగా సోల్డర్ చేయండి. ఒక చివర్లన్నీ 5 వోల్టుల పట్టీకి, రెండో చివర్ల నుంచి ఒక్కో వైరు ఒక్కో బటన్ ప్లస్‌కు. బటన్ల మైనస్‌లన్నీ ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కలుపుతూ గ్రౌండ్‌కు తేవచ్చు.

వైరు మల్టీ స్ట్రాండ్‌దే వాడండి. ఇంట్లో మిగిలిన లాన్ కేబుల్‌లోని రాగి తీగ ఒంటి తీగైతే, బటన్ల మీద పడే దెబ్బలకు కొన్నాళ్లకు అతుకు దగ్గర విరుగుతుంది. బటన్ కాళ్లకు సోల్డర్ కాకుండా నొక్కి తొడిగే లగ్గులు వేయండి. అవి 2.8, 4.8, 6.3 మిల్లీమీటర్లని వేర్వేరు వెడల్పుల్లో వస్తాయి, చాలా బటన్లలో స్విచ్‌దీ లైటుదీ ఒకే సైజు కాదు. కొలిచి కొనండి.

ఇప్పుడు పైన ఆపిన సంగతి. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి. స్విచ్ వైరు ఆ పిన్నుకు వెళుతుంది, దాని రెండో కాలు గ్రౌండ్‌కు. లైటుకు వచ్చే 5 లేదా 12 వోల్టుల వైరు పొరపాటున స్విచ్ కాలికి తగిలితే ఆ పిన్ను, చాలాసార్లు బోర్డు మొత్తం, పోతుంది. అందుకే లైటు ప్లస్‌కు ఎరుపు వైరు, గ్రౌండ్‌కు నలుపు, స్విచ్ సిగ్నల్‌కు ఈ రెండూ కాని రంగు అని పెట్టుకుని ఎక్కడా తప్పకండి. స్విచ్‌కూ లైటుకూ కలిపి మూడు వైర్లే ఉండే రెడీమేడ్ కిట్లలో ఏ వైరు ఉమ్మడిదో మీటర్‌తో చూశాకే బోర్డుకు తగిలించండి. కొన్నిట్లో అది గ్రౌండ్ కాదు, 5 వోల్టులు.

సప్లై విషయానికొస్తే, 10 ఎల్ఈడీలకు 10 మిల్లీయాంపుల చొప్పున 100 మిల్లీయాంపులు. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 దాకా ఇస్తుంది, కాబట్టి చాలు. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఉంటే 5 వోల్టులకు ఎరుపు, 12కు పసుపు, గ్రౌండ్‌కు నలుపు వైర్లు. దాని డబ్బా మాత్రం తెరవకండి.

7. ఆటను బట్టి వెలగాలంటే

ఎప్పుడూ వెలుగుతూ ఉంటే చాలనుకునేవాళ్లు ఈ భాగం వదిలేయవచ్చు. రెండు బటన్ల ఆటలో ఏ, బీ మాత్రమే వెలగాలి, నొక్కినప్పుడు మెరవాలి అంటే ఒక మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం ఎక్కించి పిన్నులను నడిపించే చిన్న చిప్) కావాలి. రాస్ప్‌బెర్రీ పై పికో అందుకు చవకైనది, కానీ దాని పిన్నుకు ఎల్ఈడీని నేరుగా తగిలించవద్దు. 3.3 వోల్టుల పిన్ను నుంచి 3.2 వోల్టుల నీలాన్ని వెలిగిస్తే రెసిస్టర్‌కు మిగిలేది 0.1 వోల్టే. అంత చిన్న తేడాలో కరెంటు ఎంతని ఎవరూ చెప్పలేరు.

మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టండి. ఏ షాపులోనైనా దొరికే బీసీ547 చాలు. చదును ముఖం మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 5 వోల్టుల నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ, అక్కడి నుంచి కలెక్టర్. ఎమిటర్ గ్రౌండ్‌కు. పికో పిన్ను నుంచి 2.2 కిలో ఓముల ద్వారా బేస్‌కు. పికో గ్రౌండ్, ఎల్ఈడీ సప్లై గ్రౌండ్ కలిసే ఉండాలి, లేకపోతే ఏదీ వెలగదు. ట్రాన్సిస్టర్ తెరుచుకున్నప్పుడు దాని మీద పడేది 0.2 వోల్టుల లోపే కాబట్టి పాత రెసిస్టర్ లెక్క మారదు.

పది ట్రాన్సిస్టర్లు సోల్డర్ చేసే ఓపిక లేక యూఎల్ఎన్2803 చిప్ తీసుకుంటారు చాలామంది. ఒక్కో దాంట్లో ఎనిమిది దారులు. 1 నుంచి 8 ఇన్‌పుట్లు, 9 గ్రౌండ్, 11 నుంచి 18 అవుట్‌పుట్లు. 10వ పిన్ను మోటార్లు, రిలేల కోసం, ఎల్ఈడీలకు అక్కర్లేదు. ఇందులో బేస్ రెసిస్టర్లు లోపలే ఉంటాయి, అదో సుఖం. కానీ లోపల డార్లింగ్టన్ జతలు (ఒకదాని వెనక ఒకటి కలిపిన రెండేసి ట్రాన్సిస్టర్లు) ఉండటం వల్ల దాని మీదే 0.8 వోల్టుల దాకా పోతుంది. ఎరుపుకు 5 − 2.0 − 0.8 = 2.2 వోల్టులు మిగులుతాయి, 10 మిల్లీయాంపులకు 220 ఓములు. నీలానికి మిగిలేది 1.0 వోల్టే, సప్లై కొంచెం ఊగినా వెలుగు ఊగుతుంది. ఈ చిప్ వాడేట్టయితే ఎల్ఈడీలకు 12 వోల్టులు ఇవ్వండి. నీలానికి 8.0 వోల్టులు మిగులుతాయి, 1.5 కిలో వేస్తే 5.3 మిల్లీయాంపులు, ఏ ఊగిసలాటా ఉండదు.

బటన్‌కు బటన్‌కు రంగులే మార్చాలనుకుంటే డబ్ల్యూఎస్2812 రకం ఆర్‌జీబీ ఎల్ఈడీలు ఉన్నాయి. వాటిలో కరెంటును అదుపు చేసే చిప్ లోపలే ఉంటుంది, ఎల్ఈడీకొక రెసిస్టర్ అవసరం లేదు. డేటా వైరు మొదట్లో మాత్రం 330 నుంచి 470 ఓములు ఒకటి పెడతారు. పికోను గేమ్ కంట్రోలర్‌గా మార్చే జీపీ2040-సీఈ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (బోర్డులో ఎక్కించే ప్రోగ్రాం) ఈ ఎల్ఈడీలను నేరుగా నడుపుతుంది. సులువైన దారే. కాకపోతే ఒక్కటి పోతే దాని తర్వాతి బటన్లన్నీ ఆగిపోతాయి.

8. కరెంటు ఇచ్చేముందు, ఇచ్చాక

సప్లై తగిలించకముందు 5 వోల్టుల పట్టీకీ గ్రౌండ్‌కూ మధ్య మీటర్‌తో కంటిన్యూటీ చూడండి, బీప్ రాకూడదు. తర్వాత ప్రతి స్విచ్ సిగ్నల్ వైరుకూ 5 వోల్టుల పట్టీకీ మధ్య కూడా అదే పరీక్ష. గేమ్ బోర్డు తగిలించకుండా ముందు లైట్లు మాత్రమే వెలిగించండి. ఒక్కో రెసిస్టర్ మీద వోల్టేజి కొలిచి దాని విలువతో భాగిస్తే అసలు కరెంటు తెలుస్తుంది. 220 ఓముల మీద 2.9 వోల్టులు ఉంటే 13 మిల్లీయాంపులు. ఏదైనా 20 దాటితే అక్కడ రెసిస్టర్ తప్పు పడింది.

అన్ని బటన్లూ మసకగా ఉంటే లోపల 12 వోల్టుల బల్బులు ఉండి మీరు 5 ఇస్తున్నారేమో చూడండి. ఒక్కటే మిణుకుమంటే లగ్గు వదులు. నొక్కినప్పుడు మాత్రమే వెలుగుతుంటే లైటు మైనస్ గ్రౌండ్‌కు కాకుండా స్విచ్ కాలికి తగిలి ఉంది, సప్లై వెంటనే తీసేయండి. ఆపేసిన ఎరుపు బటన్ సన్నగా వెలుగుతూ ఉంటే ఎవరో ట్రాన్సిస్టర్ లేకుండా 5 వోల్టుల ఎల్ఈడీ మైనస్‌ను నేరుగా 3.3 వోల్టుల పిన్నుకు కలిపారు. పిన్ను 3.3 వోల్టులకు చేరినా మధ్యలో 1.7 వోల్టులు మిగులుతాయి, ఎరుపు కొద్దిగా వెలగడానికి అది చాలు. పైగా ఆ పిన్ను 3.3కి మించి తట్టుకునేది కాదు.

అంతా సరిగ్గా ఉన్నాక ఏ రంగుకు ఏ రెసిస్టర్ వేశారో, ఆ ఎల్ఈడీ వోల్టేజి ఎంతో ప్యానెల్ లోపలివైపు మార్కర్‌తో రాయండి. ఏ ఏడాదికో ఒక నీలం పోతే, కొత్తగా తెచ్చింది వేరే రకం అయి ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క బటన్‌కే ప్రీసెట్ పెట్టి చూసుకుంటే సరిపోతుంది.